ఆయిల్ ఫిల్టర్: షాపులో ఇచ్చింది చూడటానికి అచ్చం అలాగే ఉంది, బిగించొచ్చా?

గోదారిగట్టు (రాజమహేంద్రవరం) | శనివారం ఉదయం 8:10

అందరికీ నమస్కారమండి. నాది 2015 మారుతి స్విఫ్ట్ పెట్రోల్, 1.2 ఇంజన్. 92 వేలు తిరిగింది. ఇన్నాళ్లూ షెడ్డులోనే ఆయిల్ మార్పించేవాణ్ణి. పోయినసారి మార్పించిన దగ్గర్నుంచి ఒక తేడా గమనిస్తున్నాను. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేస్తే మూడు సెకన్లపాటు ఇంజన్ పైన టకటకమని చప్పుడు వస్తోంది. ఆయిల్ దీపం కూడా ఆ మూడు సెకన్లూ ఆరదు. తర్వాత అంతా మామూలే. మధ్యాహ్నం ఆపి మళ్లీ తీస్తే అస్సలు రాదు.

ఇప్పుడు మళ్లీ ఆయిల్ మార్చే టైమొచ్చింది. ఈసారి నేనే చేసుకుందామని నిన్న షాపుకెళ్లి ఫిల్టర్ అడిగాను. ఒకటి చేతిలో పెట్టి "చిన్న బండ్లన్నిటికీ ఇదేనండీ, తీసుకెళ్లండి" అన్నారు. డబ్బా మీద బండి పేరు లేదు. కిందికి వంగి చూస్తే బండికి ఉన్నదానికంటే ఇది అర అంగుళం పొట్టి. మిగతాదంతా ఒకేలా ఉంది. బిగించొచ్చా? మరల్లో పట్టేసినంత మాత్రాన సరైనదే అనుకోవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

క్యాబ్_హైదరాబాద్ | శనివారం 8:32

వద్దన్నా. కంపెనీది ఒరిజినల్ కూడా ఏమంత ఖరీదు కాదు. కొద్ది రూపాయల కోసం ఇంజన్ మీద ప్రయోగం ఎందుకు? నా బండి మూడు లక్షలు దాటింది, ఇప్పటిదాకా టాపా (ఇంజన్ పైభాగం) విప్పలేదు.

ఆటోనగర్_షెడ్డు (విజయవాడ) | శనివారం 9:15

గోదారిగట్టు గారూ, ఫిల్టర్ సంగతి తర్వాత. ముందు గేజ్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి ఆయిల్ ఎంతుందో చూడండి. మట్టం తగ్గినా పొద్దున చప్పుడు వస్తుంది, దీపమూ ఆలస్యంగా ఆరుతుంది. బండి సమంగా ఉన్నచోట ఆపి, ఇంజన్ ఆపిన ఐదు నిమిషాలకు చూడండి.

గోదారిగట్టు | శనివారం 9:40

చూశానండి. రెండు గీతల మధ్యలో, పై గీతకు దగ్గరగానే ఉంది. రంగు నల్లబడింది, అంతే.

ఆటోనగర్_షెడ్డు | శనివారం 10:25

అయితే నా అనుమానం మీ బండికి ఇప్పుడున్న ఫిల్టర్ మీదే. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఫిల్టర్ నోటి వైపు చూస్తే మధ్యలో మరలున్న పెద్ద రంధ్రం, చుట్టూ వరసగా చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. పంపు నుంచి వచ్చే మురికి ఆయిల్ ఈ చిన్న రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది. మడతలు పెట్టిన కాగితం బయటివైపు నుంచి లోపలికి వడకట్టుకుని, మధ్య రంధ్రం నుంచి ఇంజన్‌కి చేరుతుంది. చిన్న రంధ్రాల వెనకే పల్చటి రబ్బరు పొర ఒకటి ఉంటుంది, తెలుపో నలుపో నారింజో. ఆయిల్ వచ్చేటప్పుడు తెరుచుకుంటుంది, ఇంజన్ ఆగగానే రంధ్రాల్ని మూసేస్తుంది. దాని పని ఒక్కటే, ఫిల్టర్లో ఉన్న ఆయిల్ని వెనక్కి ఛాంబర్లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) జారిపోనివ్వకపోవడం. ఫిల్టర్ నోరు పైకి ఉండే బండ్లలో ఆ పొర పాడైనా పెద్దగా తెలియదు. నోరు పక్కకి తిరిగి ఉంటే మాత్రం అదే ప్రాణం. ఆ రబ్బరు గట్టిపడితే రాత్రికి రాత్రి ఫిల్టర్ ఖాళీ అవుతుంది. పొద్దున పంపు ముందు ఆ ఖాళీ నింపాలి, తర్వాతే ఆయిల్ పైకెక్కాలి. మీ మూడు సెకన్లు అక్కడే పోతున్నాయి. మధ్యాహ్నం గంట ఆపితే పూర్తిగా జారదు కాబట్టి చప్పుడు లేదు.

ఇక ఫిల్టర్ వెనక వైపు స్ప్రింగుతో ఉండేది బైపాస్ వాల్వు. కాగితం మురికితో మూసుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా, ఇంజన్ ఎండిపోకుండా వడకట్టని ఆయిల్నే వదిలేస్తుంది. అది ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలన్నది ఇంజన్‌ని బట్టి ఉంటుంది. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వు ఇంజన్ బ్లాకులోనే ఉంటుంది, ఫిల్టర్లో ఉండదు. బయటి నుంచి చూస్తే రెండు ఫిల్టర్లూ కవల పిల్లల్లాగే ఉంటాయి. అందుకే "పట్టింది కదా" అన్న మాట నేను ఒప్పుకోను.

మీరు చూసుకోవాల్సినవి మరల కొలత, రబ్బరు రింగు వ్యాసం, లోపలి వాల్వులు. అర అంగుళం పొట్టి అయినంత మాత్రాన తప్పు కాదు, కానీ ఆ డబ్బా మీద మీ బండి పేరు లేనప్పుడు మిగతావి సరిపోతాయని మీకెవరు చెప్తారు? వెనక్కిచ్చేయండి. పార్ట్ నంబరు చూసి, మీ బండి మోడలూ ఏడాదీ చెప్పి తీసుకోండి.

లెక్కలమాస్టారు (ఒంగోలు) | శనివారం 11:05

మరల కొలత గురించి ఒక మాట. సుజుకీ, హోండా, హ్యుందాయ్, నిస్సాన్ బండ్లలో ఎక్కువగా ఎం20×1.5, అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం, మర మరకీ 1.5 మిల్లీమీటర్ల దూరం. టయోటాల్లోనూ ఫోక్స్‌వాగన్ పెట్రోల్ బండ్లు చాలావాటిలోనూ ముప్పావు అంగుళం, అంగుళానికి 16 మరలు. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, మరల దూరం 1.5875. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. కంటితో పట్టడం ఎవరి తరమూ కాదు. ఒకదానికి ఇంకోటి బిగిస్తే ఏమవుతుందో షెడ్డు గారు చెప్పాలి.

ఆటోనగర్_షెడ్డు | శనివారం 11:50

మాస్టారూ, సన్న స్టడ్డు (ఫిల్టర్ ఎక్కే, ఇంజన్ మీదుండే మరల గొట్టం) మీద పెద్ద మరల ఫిల్టర్ పెట్టడమే ప్రమాదం. ఎందుకంటే అది ఎక్కుతుంది! వదులుగా, ఊగుతూ ఎక్కి, చివర్లో రబ్బరు తగలగానే బిగిసినట్టే చేతికి అనిపిస్తుంది. రెండోది, అంటే లావు స్టడ్డు మీద సన్న మరల ఫిల్టర్, మొదటి చుట్టులోనే పట్టేస్తుంది కాబట్టి మనిషి ఆగిపోతాడు.

ఏడెనిమిదేళ్ల కిందట ఒక టయోటా బండిని తాళ్లతో లాక్కొచ్చారు. దారిలో ఎవరో ఆయిల్ మార్చి ఎం20 ఫిల్టర్ వేశారు. ఊళ్లో తిరిగినంతసేపూ నిలబడింది. హైవే ఎక్కి పొద్దున చల్లటి ఇంజన్ని గట్టిగా తొక్కగానే ఒత్తిడికి ఆ ఫిల్టర్ మరల మీంచి ఊడొచ్చేసింది. దీపం వెలిగేసరికే ఆయిలంతా రోడ్డు పాలు. ఆ డ్రైవరు వెంటనే ఆపాడు కాబట్టి ఇంజన్ దక్కింది. ఫిల్టర్ లోపలి మరలు చేత్తో తడిమితే అంచులు నున్నగా అరిగి మెరుస్తున్నాయి. ఇప్పటికీ కొత్త కుర్రాళ్లకు దాన్నే చూపిస్తాను. ఫిల్టర్ ఎక్కేటప్పుడు అటూ ఇటూ ఊగితే ఆపెయ్యండి, అది మీ బండిది కాదు.

కాకతీయ_డ్రైవ్ (హనుమకొండ) | శనివారం మధ్యాహ్నం 1:20

నేను ఐదేళ్లుగా మా ఐ10, నాన్నగారి వ్యాగనార్ రెండిటికీ సొంతంగానే మారుస్తున్నాను. పాత ఫిల్టర్ని పారేసే ముందు కోసి చూడటం అలవాటు. డబ్బా మెడ చుట్టూ హాక్సాతో కోస్తే ఇనుప రజను లోపలికి పడి అయోమయం చేస్తుంది, అందుకే అంచుని ఆకురాయితో అరగదీసి మూత లేపుతాను.

ఒకసారి నకిలీది దొరికింది. డబ్బా రంగు, అచ్చు, అన్నీ ఒరిజినల్ లాగే. కోసి ఒరిజినల్ పక్కన పెట్టి చూశాను. ఒరిజినల్లో కాగితం మడతలు దువ్వెన పళ్లలా ఒత్తుగా, సమానంగా ఉన్నాయి. నకిలీ దాంట్లో దాదాపు సగమే, అవి కూడా ఒకచోట గుంపుగా, ఇంకోచోట వేలు పట్టేంత సందుగా ఉన్నాయి. మడత మడత కలిసేచోట జిగురు అంటలేదు, చిన్న సందు. ఆయిల్ కాగితంలోంచి కాక ఆ సందులోంచే పోయి ఉంటుంది. రబ్బరు పొర వంచితే వంగలేదు, విరిగింది. అప్పటినుంచి హోలోగ్రాం చూసి, బిల్లు తీసుకుని కొంటున్నా. బిల్లు ఇవ్వనంటే ఆ షాపు వద్దు.

ఒరిజినలే కావాలని నేననను. బాష్, మాన్, మాహ్లే, ఎలోఫిక్ లాంటి ఫిల్టర్లు చేసే కంపెనీలవి, మీ బండికని రాసి ఉన్నవి వేసుకోవచ్చు. కాకపోతే వాటికీ నకిలీలు ఉంటాయి.

సీమబండి (అనంతపురం) | శనివారం 3:45

అమ్మా, మీ దాంట్లో మడతల మధ్య మెరుపులు ఏమన్నా కనపడతాయా? మా అన్న బండిలో సన్నటి రజను కనపడితే బేరింగు పోతోందన్నారు.

కాకతీయ_డ్రైవ్ | శనివారం 4:10

కొత్త ఇంజన్ మొదటి ఫిల్టర్లో సన్నటి మెరుపు మామూలే. పాత బండిలో కంటికి కనిపించే రేకులు ఉంటే మాత్రం మెకానిక్‌కి చూపించాలి. అయస్కాంతానికి అంటితే ఇనుము, అంటకుండా పసుపుగానో తెల్లగానో ఉంటే బేరింగు లోహం కావచ్చు. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఫిల్టర్ పట్టేది అందులో మూడో వంతు పరిమాణాన్ని. అంటే మామూలుగా పట్టిన మురికి మన కంటికి నల్లటి జిగటలాగే కనిపిస్తుంది. కంటికి విడిగా మెరిసిందంటేనే ఆలోచించాలి.

గోదారిగట్టు | శనివారం రాత్రి 7:30

ఆ ఫిల్టర్ వెనక్కి ఇచ్చేశానండి. కంపెనీ విడిభాగాల షాపులో మోడలూ ఏడాదీ చెప్పి కొత్తది తీసుకున్నాను, డ్రెయిన్ నట్టు (పాత ఆయిల్ దింపడానికి విప్పే నట్టు) వాషర్ కూడా. ఇప్పుడు బిగించడం గురించి టెన్షన్. పానాతో ఎంత బిగించాలి? రబ్బరుకి గ్రీజు రాయమని మా బావగారు, ఏమీ రాయొద్దని పక్కింటాయన.

డాలస్_తెలుగు (టెక్సస్) | శనివారం రాత్రి 9:05

బ్రదర్, బిగించడం కంటే ముందు ఒకటి. పాతది విప్పగానే దాని రబ్బరు రింగు దాంతోపాటే వచ్చిందో లేదో చూడండి. దయచేసి ఈ ఒక్కటి మర్చిపోకండి.

నాలుగేళ్ల కిందట నేను మా హోండాకి మార్చినప్పుడు పాత రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది. నల్లటి బ్లాకు మీద నల్లటి రింగు, కింద పడుకుని టార్చిలో చూస్తే ఏమీ తేడా తెలియలేదు. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించాను. రింగు మీద రింగు. స్టార్ట్ చేసి చూస్తే చుక్క కారలేదు, సంతోషంగా ఇంట్లోకి వెళ్లాను. మరుసటి రోజు పిల్లని స్కూలుకి దింపడానికి బయల్దేరి, ఇల్లు దాటి రెండు సందులు తిరిగేసరికి దీపం. వెనక అద్దంలో చూస్తే రోడ్డు పొడుగునా నల్లటి చార. ఒకదాని మీద ఒకటి ఉన్న రబ్బర్లలో ఒకటి ఒత్తిడికి పక్కకి జారి బయటికొచ్చింది. వెనక సీట్లో పాప, ఏడవలేదు గానీ నాకు చేతులు వణికాయి.

అప్పటినుంచి పాత ఫిల్టర్ విప్పగానే నోరు నా వైపు తిప్పి రింగు ఉందా అని చూస్తాను. లేకపోతే ఇంజన్ మీద గోరుతో గీకుతాను. ఆ చదును భాగాన్ని బనియన్ గుడ్డతో నీట్‌గా తుడిచాకే కొత్తది.

ఆటోనగర్_షెడ్డు | శనివారం రాత్రి 9:40

డాలస్ బాబు చెప్పింది బంగారం లాంటి మాట. షెడ్లలో కూడా జరుగుతుంది.

రబ్బరుకి గ్రీజు వద్దు. పొడిగానూ వద్దు. కొత్త ఇంజన్ ఆయిల్లో వేలు ముంచి రింగు చుట్టూ పల్చగా రాయండి. పొడిగా బిగిస్తే రబ్బరు తిరగకుండా మెలితిరిగి ముడతలు పడుతుంది, తర్వాత కారుతుంది. మళ్లీ విప్పేటప్పుడు డాలస్ బాబుకి అయినట్టు అంటుకుపోయేది కూడా పొడిగా బిగించినదే ఎక్కువ.

బిగింపుకి పానా అక్కర్లేదు. చేత్తో తిప్పుతూ వెళ్లండి. రబ్బరు ఇంజన్‌కి తాకగానే చేతికి తెలుస్తుంది. అక్కడ మార్కర్‌తో ఫిల్టర్ మీద ఒక గీత పెట్టుకుని, ఆ గీత ముప్పావు చుట్టు తిరిగేదాకా బిగించండి. మీ బండికి అంతే. వేరే బండ్లకి డబ్బా మీదే బొమ్మతో రాసి ఉంటుంది, అది చూడాలి. చేతికి ఆయిల్ అంటుకుని జారుతుంటే పొడి గుడ్డతో పట్టుకోండి. చెయ్యి సరిపోకపోతే చివరి కొంచెం కప్పు పానాతో (ఫిల్టర్ కొస మీద టోపీలా కూర్చునే పానా) మెల్లగా. బలమంతా చూపించొద్దు, వచ్చే ఏడాది విప్పాల్సింది కూడా మీరే.

సీమబండి | శనివారం రాత్రి 10:15

బిగించే ముందు ఫిల్టర్లో ఆయిల్ నింపాలి కదా సార్? మా ఊళ్లో లారీవాళ్లు అట్లే చేస్తారు.

ఆటోనగర్_షెడ్డు | శనివారం రాత్రి 10:50

నోరు పైకి నిలబడి ఉండే ఫిల్టర్ అయితే నింపుకోండి, తప్పు లేదు. లారీల్లో అంత పెద్ద ఫిల్టర్ ఖాళీగా ఉంటే నిండడానికి టైం పడుతుంది, అందుకే వాళ్లకు ఆ అలవాటు. కానీ నింపేటప్పుడు మధ్య రంధ్రంలో పోస్తే అది వడకట్టని ఆయిల్, నేరుగా బేరింగుల్లోకి పోతుంది. ఆయిల్ డబ్బాలో చిన్న నలుసు ఉన్నా సరే. చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచే మెల్లగా పొయ్యాలి. స్విఫ్ట్‌లో నోరు పక్కకి కాబట్టి నింపితే సగం మీ మోచేతి మీదే కారుతుంది. వదిలెయ్యండి. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు దీపం ఉంటుంది, కంగారు పడొద్దు, యాక్సిలరేటర్ మాత్రం తొక్కొద్దు.

కాకతీయ_డ్రైవ్ | ఆదివారం ఉదయం 6:50

ఇంకో మాట. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి. నేను ర్యాంపులు కొన్నాను, అవి లేకపోతే జాకీ స్టాండ్లు. హ్యాండ్‌బ్రేకు, మొదటి గేరు, వెనక చక్రాలకి రాళ్లు. ఇంజన్ ఐదు నిమిషాలు నడిపి, పావుగంట ఆగి మొదలెట్టండి. గోరువెచ్చగా ఉంటే ఆయిల్ బాగా దిగుతుంది, చెయ్యి కాలదు. పైన ఆయిల్ పోసే మూత ముందే తిప్పి పెట్టండి, తర్వాత బిగుసుకుపోయిందని తెలిస్తే బాధ.

లెక్కలమాస్టారు | ఆదివారం 7:15

ఆయిల్ గ్రేడు మీ మాన్యువల్లో చూసి అదే వాడండి. 0డబ్ల్యూ-20 రాసి ఉన్నచోట చిక్కటిది పోస్తే పొద్దున ఫిల్టర్లోంచి దూరడానికి ఇంకా కష్టపడుతుంది. పెద్ద డబ్బా కొన్నా ఒకేసారి ఒంపెయ్యకండి, కొంచెం తక్కువ పోసి, గేజ్ చూసి, మిగతాది కొద్దికొద్దిగా కలుపుకోండి. ఎక్కువైతే తియ్యడం పెద్ద పని.

గోదారిగట్టు | ఆదివారం మధ్యాహ్నం 12:40

అయిపోయిందండి! పొద్దున ఏడున్నరకి మొదలెట్టి పదకొండు దాటింది. మా అబ్బాయి టార్చి పట్టుకున్నాడు.

పాత ఫిల్టర్ విప్పడమే సగం టైం తినేసింది. ఎవరు బిగించారో గానీ గొలుసు పానాతో బిగించినట్టున్నారు, డబ్బా నొక్కుకుపోయి ఉంది. కప్పు పానా దాని మీద పట్టలేదు. స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పమని పక్కింటాయన అన్నారు గానీ డబ్బా చిరిగిపోయి నోరు మాత్రం మిగిలితే ఏంటి గతి అని ఆగాను. చివరికి గరుకు కాగితం గరుకు వైపు డబ్బాకి ఆన్చి చుట్టి, రెండు చేతులతో పట్టి తిప్పితే కదిలింది. కదలగానే ఆయిల్ మణికట్టు మీదుగా చొక్కాలోకి.

వెంటనే నోరు తిప్పి చూశాను. రింగు లేదు! డాలస్ గారూ, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఇంజన్ మీద గోరు పెట్టి గీకితే ఒకచోట మెత్తగా తగిలింది. ప్లాస్టిక్ చెంచా కాడతో మెల్లగా లేపితే మొత్తం రింగు చుట్టలా ఊడొచ్చింది. అది లేకుండా అక్కడ ఎంత చదునుగా, మెరుస్తూ ఉందో అప్పుడు గానీ తెలియలేదు.

కొత్తది అస్సలు ఊగకుండా ఎక్కింది. గీత పెట్టి ముప్పావు చుట్టు. స్టార్ట్ చేస్తే మూడు సెకన్లు దీపం, తర్వాత ఆరింది. ఫిల్టర్ దగ్గర పొడిగానే ఉంది. డ్రెయిన్ నట్టు దగ్గర ఒక చుక్క నిలిచింది. తుడిచి చూస్తే మళ్లీ రాలేదు.

ఒక సందేహం. ఈ పాత ఆయిల్ ఏం చెయ్యాలి? బకెట్లో మూడు లీటర్లు ఉంది.

సీమబండి | ఆదివారం 1:30

మా ఊళ్లో చెద పట్టకుండా దిమ్మెలకీ గుంజలకీ పూస్తారు అన్నా.

కాకతీయ_డ్రైవ్ | ఆదివారం 2:05

గుంజకి పూసింది వానకి మట్టిలోకే దిగుతుంది, అక్కడినుంచి బావిలోకి. కాలువలో అయితే అస్సలు పొయ్యకండి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ కూడా ఉంది. మూత ఉన్న డబ్బాలో పోసి షెడ్డుకిస్తే వాళ్లు శుద్ధి చేసేవాళ్లకి అమ్ముకుంటారు. ఫిల్టర్ని నోరు కిందికి పెట్టి ఒక రాత్రి వదిలితే ఇంకో గ్లాసుడు దిగుతుంది.

డాలస్_తెలుగు | ఆదివారం 8:50

ఇక్కడ ఆటోజోన్ లాంటి షాపుల్లో వాడిన ఆయిల్ ఉచితంగానే తీసుకుంటారు. రింగు విషయం చదివి మా ఆవిడకి కూడా చూపించాను. చాలా సంతోషం బ్రదర్.

ఆటోనగర్_షెడ్డు | ఆదివారం 9:20

డ్రెయిన్ నట్టు వాషర్ కొత్తది వేశారు కాబట్టి ఆ ఒక్క చుక్క తుడిచేటప్పుడు మిగిలినదే అయ్యుంటుంది. అయినా వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి కిందికి వంగి ఫిల్టరూ నట్టూ రెండూ వేలితో తడిమి చూడండి. గేజ్ కూడా. ఆ పాత ఫిల్టర్ దాచండి, కోసి చూద్దాం.

గోదారిగట్టు | తర్వాతి ఆదివారం ఉదయం 7:05

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. కాకినాడ రెండుసార్లు వెళ్లొచ్చాను, వంద దాటింది. ఫిల్టర్ పొడిగానే ఉంది, నట్టూ పొడిగానే ఉంది, గేజ్ మీద ఆయిల్ అక్కడే నిలబడి ఉంది.

శుక్రవారం, శనివారం బండి తియ్యలేదు, కావాలనే ఆపాను. ఇవాళ పొద్దున్నే ఆరింటికి మా అబ్బాయిని బానెట్ దగ్గర నిలబెట్టి తాళం తిప్పాను. దీపం వెలిగీ వెలగగానే ఆరిపోయింది. చప్పుడు వచ్చిందా అంటే "ఏమీ లేదు నాన్నా" అన్నాడు. మళ్లీ అడిగాను, మళ్లీ అదే చెప్పాడు.

పాతదాన్ని నిన్న సాయంత్రం ఆకురాయితో అరగదీసి తెరిచాం. కాగితం పర్వాలేదు. ఆ రబ్బరు పొర మాత్రం ఎండిన చింతతొక్కలా గట్టిగా ఉంది, ఒక పక్క అంచు పైకి లేచిపోయి రంధ్రాల్ని మూయట్లేదు. షెడ్డు గారు చూడకుండానే చెప్పింది అక్షరాలా అదే.

కొత్త ఫిల్టర్ మీద మార్కర్‌తో తారీఖూ, 92,140 కి.మీ. అని రాసి పెట్టాను. మాన్యువల్ ప్రకారం మళ్లీ పదివేలకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు. కప్పు పానా నా ఫిల్టర్‌కి సరిపోయే సైజు ఆటోనగర్లో దొరుకుతుందా షెడ్డు గారూ? ఈ నెలాఖరుకి విజయవాడ వస్తున్నాను.

ఆటోనగర్_షెడ్డు | తర్వాతి ఆదివారం 8:30

దొరుకుతుంది. వచ్చేటప్పుడు కొత్త ఫిల్టర్ మూసి ఉన్న కొస వ్యాసం కొలిచి, దాని అంచుకి ఎన్ని పలకలున్నాయో లెక్కపెట్టి రాసుకురండి. పాత ఫిల్టర్ రబ్బరు పొర కూడా పట్టుకురండి, కుర్రాళ్లకు చూపిస్తాను.